కుడి పక్క గోడ

బందరులో మా ఇంటి ముందుగదిలో ఒక వంకర గోడ ఉంది. వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి, ఎవరు కట్టారండీ ఇలా అని అడుగుతారు. వంకరగా కట్టమన్నది నేనే. కట్టినవాడు దివిసీమ నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రి. ఆ గోడ కుడి పక్క మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ పగలగొట్టించింది కూడా నేనే. ఎందుకు పగలగొట్టించానో ఊళ్ళో ఒక్కసారే చెప్పాను, అదీ చాలా ఆలస్యంగా.

తొంభైల్లో నాకు మైకుసెట్టు ఉండేది. గుడివాడ, పెదపారుపూడి, నందివాడ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి జరిగినా, నాటకం ఆడినా, తిరునాళ్ళ పెట్టినా నా సామానే వెళ్ళేది. స్టేజీకి ఎప్పుడూ ఒకే పక్కన బల్ల వేసుకునేవాణ్ణి. ఎడమ చెయ్యి యాంప్లిఫయరు మీద ఉండేది. కుడి పక్కన వెదురు బొంగుకు కట్టిన హారన్ స్పీకరు ఉండేది, నా చెవికి బారెడు దూరంలో. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్ళు. నటుడు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. నేను వాల్యూం ఇంకొంచెం పెంచేవాణ్ణి. పదేళ్ళు అలాగే కూర్చున్నాను. బల్ల రెండో పక్కన వేసుకుందామని ఒక్కసారి కూడా తోచలేదు, తోచాల్సిన అవసరమూ కనపడలేదు.

రెండువేల సంవత్సరం దాటాక మైకుసెట్లు వీధికి రెండయ్యాయి. నా సామాను అమ్మేసి ఒక కంప్యూటరు కొన్నాను, ముందుగదిని రికార్డింగు గది చేశాను. ఆటోల మీద తిరిగే ప్రచారాలు, గుడి పాటలు, గుడివాడ నాటక బృందాల పద్యాలు, ఇవీ నా పనులు. పేరుకు స్టూడియో. పక్కింటివాళ్ళు మజ్జిగ చిలికినా మైకులోకి వచ్చేది.

అసలు స్టూడియోల్లో రికార్డు చేసింది తప్పొప్పులు చూసుకోవడానికి వేరే స్పీకర్లు ఉంటాయి. వాటిని మానిటర్లంటారు. అవి పాటను అందంగా వినిపించవు, ఉన్నది ఉన్నట్టు చెబుతాయి. కష్టపడి ఒక జత తెచ్చుకున్నాను. కానీ స్పీకరు ముందుకే మోగదు, వెనక్కీ మోగుతుంది. వెనక్కి వెళ్ళిన మోత గోడకు తగిలి తిరిగొచ్చి ముందు మోతలో కలిసి అంతా బురద చేస్తుంది. దానికి మందు ఒకటే అని ఒక పుస్తకం జిరాక్సు కాపీలో చదివాను. పాత గోడ ముందు కొత్త గోడ కట్టి, అందులో రెండు గూళ్ళు వదిలి, స్పీకర్లను వాటిలోకి నెట్టెయ్యాలి. స్పీకరు మొహం గోడతో సమానంగా ఉండాలి, చెయ్యి పెట్టి రాస్తే అంచు తగలకూడదు. రెండూ మధ్యలో ఉన్న కుర్చీ వైపు తిరిగి ఉండాలి కాబట్టి గోడ కూడా రెండు పక్కలా లోపలికి తిరగాలి. వంకర అందుకు.

మేస్త్రిని తీసుకొచ్చింది మా ఆవిడ. ఆవిడ టీచరు. వాళ్ళ స్కూలు ప్రహరీ గోడ కట్టింది ఆయనే. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆవిడ మొదటి రోజు నుంచీ బాబాయ్ అని పిలిచింది. నేను మేస్త్రీ అన్నాను, నువ్వు అన్నాను. కూలికి వచ్చినవాణ్ణి అలాగే పిలుస్తారు కదా అనుకున్నాను.

నేను నేల మీద సుద్దతో గీసిన గీతలు చూసి ఆయన చాలాసేపు నిలబడ్డాడు.

"మూల తప్పించి కట్టమంటున్నారేంటండీ? ముప్పై ఏళ్ళ నుంచి మూల తప్పితే తిట్టినవోళ్ళే గానీ, తప్పించమన్నవోళ్ళు లేరండి."

"వంకరగానే కావాలి. కానీ రెండు వంకరలూ ఒక్కలా ఉండాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

"అయితే వంకరకీ కొలతుందన్న మాట," అని నవ్వి లుంగీ ఎగ్గట్టాడు.

రెండు గోడల మధ్య ఖాళీలో కూరడానికి గాజు ఊలు కావాలని పుస్తకంలో ఉంది. అది బందరులో ఎక్కడ దొరుకుతుంది? ఆయనే దారి చెప్పాడు. "ఐసు ఫ్యాక్టరీలో దిమ్మల్ని ఊకలో పెడతారండి. రెండు రోజులైనా కరగవు. వేడినే ఆపేది మోతని ఆపదా?" అది శాస్త్రమో కాదో నాకు తెలియదు. ఆ మాట నచ్చింది. గుడివాడ రైసుమిల్లు నుంచి పన్నెండు గోతాల ఊక దింపించాను. ఆయన దాన్ని రోకలితో కుదించి కుదించి కూరాడు. స్పీకరు అదురు గోడకు పాకకుండా గూట్లో సైకిలు ట్యూబు ముక్కలు పరిచాడు. ఇంట్లో నెలరోజులు ఊక తుక్కు ఎగిరింది. అన్నంలో కూడా పడింది.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. గోడ ఆరాక తాపీ తిరగేసి, పిడితో గోడ మీద కొట్టి వినేవాడు. ప్లాస్టరు ఇటుకను పట్టుకోని చోట మోత వేరుగా వస్తుంది, దాన్ని గుల్ల అంటారు. మేస్త్రులందరూ కొడతారు, అక్కడొకటి ఇక్కడొకటి. ఆయన జానెడు జానెడుకీ కొట్టేవాడు. ఎందుకంత చాదస్తం అని అడిగితే చేతులు చాపి చూపించాడు. సిమెంటు తినేసి వేళ్ళ చివర్లు నున్నగా అయిపోయాయి, గీతలు కూడా లేవు.

"వేళ్ళకి గరుకూ నునుపూ తెలవట్లేదండి. అందుకని చెవితో చూసుకుంటన్నా."

మా ఆవిడ పొగలు కక్కే కాఫీ గ్లాసు ఇస్తే గుడ్డ లేకుండా పట్టుకునేవాడు. ఆవిడ అయ్యో బాబాయ్ అనేది. ఆయనకు ఏమీ తెలిసేది కాదు.

గోడకు పది రోజులు నీళ్ళు పట్టి, ఆరబెట్టి, స్పీకర్లు గూళ్ళలో పెట్టించాను. గుడివాడ బృందం పద్యం ఒకటి వేశాను. హార్మోనియం ఎడమ పక్క, గొంతు మధ్యలో, తబలా కుడి పక్క వినపడాలి. హార్మోనియం బంగారంలా వచ్చింది. తబలా పక్కింట్లో మోగుతున్నట్టుంది. మధ్యలో ఉండాల్సిన గొంతు ఎడమకు జరిగిపోయింది.

స్పీకరుదా తప్పు, గోడదా? నేను తెలివైనవాణ్ణి కదా, పరీక్ష పెట్టాను. గూట్లోంచి పీకకుండా వైర్లు మాత్రం మార్చాను. ఎడమదానికి వెళ్ళేది కుడికి, కుడిది ఎడమకు. అయినా కుడి పక్కే మందంగా ఉంది. అంటే పాటలో లోపం లేదు, కంప్యూటరులో లోపం లేదు. రెండు స్పీకర్లనూ పీకించి అటుది ఇటు పెట్టించాను. మళ్ళీ కుడి పక్కే. ఇక మిగిలింది గోడ. లెక్క ప్రకారం అంతే కదా. లెక్కలో నన్ను నేను వేసుకోలేదు.

స్పీకర్లు మామూలుగా బల్ల మీద ఉండి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కుర్చీ అటు తిప్పి కూర్చునేవాణ్ణేమో. గోడలో దిగ్గొట్టాక కుర్చీకి ఒకటే చోటు, ఒకటే మొహం. గోడకు వీపు పెట్టి వినే సౌండు మనిషి ఎక్కడుంటాడు?

"నేను కొట్టి చూశానండి. గుల్ల లేదు," అన్నాడు మేస్త్రి.

"నీ చెవికి లేకపోవచ్చు. నా చెవికి ఉంది."

ఆయన సుత్తి తీసుకున్నాడు. మొదటిసారి ఊక కుంగిందేమోనని విప్పించాను. కుంగలేదు, అయినా ఇంకో గోతాం కూరాం. రెండోసారి లోపల చెమ్మ ఉందేమోనని ఇటుకలు మార్పించాను. పది రోజులు నీళ్ళు, పది రోజులు ఆరబెట్టడం, మళ్ళీ అదే పద్యం, మళ్ళీ అదే పక్కింటి తబలా. నాకు ఒళ్ళు మండి మూడోసారి కూడా పగలగొట్టించాను. అప్పట్లో నాకు కోపం త్వరగా వచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు.

సిమెంటు కొట్టుకు వెళ్ళి అందరిముందూ అన్నాను, "దివిసీమ నుంచి గుల్లగోడ మేస్త్రిని పట్టుకొచ్చింది మా ఆవిడ" అని. కొట్టాయన నవ్వాడు. బస్తాలు ఎత్తేవాళ్ళు కూడా నవ్వారు. మాట బాగా పేలిందని నాకు సంతోషం కూడా వేసింది. టీ కొట్టులో మళ్ళీ అన్నాను.

మా వీధి చివర ప్లీడరుగారు మేడ మీద రెండు గదులు వేయించబోతూ ఈ మేస్త్రికే మాటిచ్చి ఉన్నారు. గుల్లగోడ సంగతి ఆయన దాకా వెళ్ళింది. చూసిపోదామని వచ్చారు. మూల తప్పిన గోడ, పగిలిన కుడి పక్క, నేల మీద ఊక. వంకర నేనడిగిందేనని ఆయనకు చెప్పొచ్చు. చెప్పలేదు.

"పనిస్తే ఇవ్వండి గానీ, ఆ గదుల్లో మీరు మాత్రం పడుకోకండి," అన్నాను.

ఆయన పని వేరేవాళ్ళకిచ్చారు. ఆర్నెల్లకు సరిపడా పని. మేస్త్రి ఆ మాట ఇంటి వెనక ఇసక జల్లిస్తూ విన్నాడని మా ఆవిడ తర్వాత చెప్పింది. విని, ఇసక జల్లించడం పూర్తి చేశాడట.

మూడోసారి కట్టి ఆరాక కూడా కుడి పక్క గుల్లే అన్నాను. పొద్దున పదకొండు గంటలప్పుడు. కరెంటు తీసేశారు, ఫ్యాను లేదు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆదివారం కాబట్టి మా ఆవిడ ఇంట్లోనే ఉంది, గుమ్మం దగ్గర నిలబడింది.

"ఒక్క పని చేద్దామండి," అన్నాడు మేస్త్రి. "మీరు ఆ కుర్చీలో కళ్ళు మూసుకుని కూచోండి. నేను కొట్టుకుంటా పోతా. గుల్ల అనిపించిన చోట చెయ్యెత్తండి. మీరు ఎక్కడ ఎత్తితే అక్కడ పగలగొట్టి పోతా."

కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. టక్, టక్ అని జానెడు జానెడుకీ మోత వస్తోంది. గట్టి మోత. ఎక్కడా తేడా లేదు. కాసేపు అయ్యాక విసుగొచ్చింది.

"ఎడమ పక్క బాగానే ఉందని నాకూ తెలుసు మేస్త్రీ. కుడి పక్కకి ఎప్పుడొస్తావు?"

మోత ఆగింది.

"ఇందాకటి నుంచీ కుడి పక్కే కొడుతున్నానండీ."

కళ్ళు తెరిచాను. ఆయన కుడి గూటి పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో తిరగేసిన తాపీ. దగ్గరకు వచ్చి, ఎడమ చెవి మూసుకోండి అని సైగ చేశాడు. మూసుకున్నాను. ఆయన పెదవులు కదిలాయి. మా ఆవిడ పెదవులు కూడా కదిలాయి. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో అలా ఉంది ఆ పక్కంతా. నాది కానట్టు.

ఏడుపు వచ్చిందనో భూమి కంపించిందనో రాయాలి ఇక్కడ. ఏమీ అనిపించలేదు. ఫోను ఎప్పుడూ ఎడమ చెవికే ఎందుకు పెడతానో తెలిసింది. కుడి చేత్తో రాసుకోవడానికని అనుకునేవాణ్ణి.

మేస్త్రి తాపీ కడుక్కున్నాడు. గోనెసంచిలో సామాను సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నాతో కాదు, మా ఆవిడతో అన్నాడు, "గోడ బాగానే ఉందమ్మా."

డాక్టరుగారు నరం పోయిందన్నారు, రాదన్నారు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. తెలియదన్నాను. ఏం పని చేస్తారని అడిగితే, మైకుసెట్టు ఉండేదండీ అని మాత్రం చెప్పాను.

"నేను పిలిస్తే పలకరు. పొగరనుకున్నాను," అంది మా ఆవిడ ఇంటికి వచ్చాక. కాసేపటికి మళ్ళీ అంది, "ప్లీడరుగారికి చెప్పి రండి. ఇంకా ఒక్క ఇటుక కూడా పెట్టలేదు. మనవల్ల బాబాయి పని పోయింది."

"ఏమని చెప్పను? నాకు చెవుడని చెప్పనా? చెవిటివాడి దగ్గర పాట రికార్డు చేయించుకునేవాడెవడు?"

"మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

"చెప్పు. రేపటి నుంచి నేను ఏం చెయ్యాలో కూడా నువ్వే చెప్పు."

ఆవిడ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. వారం తిరక్కుండా ప్లీడరుగారి మేడ మీదికి వేరేవాళ్ళ ఇటుకలు ఎక్కాయి. ఆవిడ అప్పటి నుంచి భోజనానికి నా ఎడమ పక్కకు మారింది. మేస్త్రి కట్టిన ఆ స్కూలు ప్రహరీ పక్కగా రోజూ లోపలికి వెళ్ళేది ఆవిడే. ఆ గోడను చూసినప్పుడు ఏమనుకునేదో నేనడగలేదు.

మేస్త్రి కూడా ఎవరికీ చెప్పలేదు. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయనకు చెవుడండీ, నా గోడకేం రోగం అని సిమెంటు కొట్టులో ఒక్కసారి అంటే ఆయన పేరు ఆయనకు తిరిగొచ్చేది, నా గది మూతపడేది. అనలేదు. బందరులో పనులు తగ్గి మళ్ళీ దివిసీమ వెళ్ళిపోయాడని విన్నాను.

నేను పని మానలేదు. కుర్చీ కింద చక్రాలు వేయించాను. గోడకు మొహం పెట్టి ఒకసారి వింటాను, తిరిగి వీపు పెట్టి ఇంకోసారి వింటాను. అప్పుడు కుడి గూట్లో ఉన్నది నా ఎడమ చెవికి వస్తుంది. అలా మొదటిసారి తిరిగి కూర్చున్న రోజున తబలా వినపడింది, చర్మం మీద వేలు జారిన చప్పుడుతో సహా. ఆ గోడ అంత బాగా కట్టాడు. అంతకు ముందు రెండేళ్ళలో నేను చేసిన పనులు కూడా వేసి విన్నాను. అన్నిట్లోనూ కుడి పక్క అరుస్తోంది, నేనే పెంచాను. ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. అవన్నీ ఆటో మీద కట్టిన ఒంటి హారన్లో మోగినవే, ఇక కుడేమిటి, ఎడమేమిటి.

ఆరేళ్ళు గడిచాయి. అవనిగడ్డ దాటాక ఒక ఊళ్ళో భజన బృందాన్ని రికార్డు చెయ్యడానికి వెళ్ళాను. పంచాయతీ ఆఫీసు పక్కన గోడ కడుతున్నారు. ఎక్కడో టక్, టక్ అంటోంది, జానెడు జానెడుకీ కొట్టినట్టు. ఎటు నుంచి వస్తోందో నాకు తెలియదు. వెతుక్కుంటూ వెళ్తే ఆయనే.

బాబాయ్ అనబోయాను. మేస్త్రీ అన్నాను.

ఆయన తాపీ పక్కన పెట్టి, టీ తెప్పించాడు. ఇద్దరం ఇటుకల మీద కూర్చున్నాం. ముందు నా కుడి పక్కన కూర్చున్నవాడు, ఏదో గుర్తొచ్చినట్టు లేచి, చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నాడు. నా గ్లాసు వేడికి నేను చేతులు మార్చుకుంటున్నాను. ఆయన తన గ్లాసును పిడికిట్లో పట్టుకున్నాడు.

"నీ గోడలో లోపం లేదని నేను ఎవరికీ చెప్పలేదు మేస్త్రీ. నా చెవిదే తప్పని."

"తెలుసండి."

"ఎలా తెలుసు?"

"చెప్పుంటే బందరు నుంచి ఎవురో ఒకరు పనికి పిలిచేవోళ్ళు కదండీ."

కోపంగా అనలేదు. ఇటుక ధర చెప్పినట్టు చెప్పాడు. నాకు అంతకంటే వేరే శిక్ష అక్కర్లేదనిపించింది. అనిపించిందే గానీ లోపల ఎక్కడా తగల్లేదు.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"గోడ సంగతైతే చెబుతానండి. మీ చెవి సంగతి నేను చెప్పేదేంటి?" అని, టీ తాగేసి అడిగాడు, "ఊక కుంగిందా?"

"లేదు."

"కుంగదండి. గట్టిగా కూరాం."

మర్నాడు పొద్దున్నే బందరులో సిమెంటు కొట్టుకు వెళ్ళాను. ప్లీడరుగారి మేడకు అప్పటికే రెండోసారి రంగులు కూడా వేశారు. అక్కడ చెప్పి ఏం లాభం? మాట మొదలైన చోటే చెప్పాలనుకున్నాను. కొట్టాయన పాతవాడే, జుట్టు తెల్లబడింది. నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందరికీ వినపడేట్టు చెప్పాను.

"మా ఇంట్లో గోడ కట్టిన మేస్త్రి గురించి అప్పట్లో ఒక మాటన్నానండీ. అది తప్పు. ఆయన పని బంగారం. నా కుడి చెవి పనిచెయ్యదు, అందుకని నాకే అలా వినపడింది."

కొట్టాయన కళ్ళు చిట్లించి ఆలోచించాడు. తర్వాత మొహం విప్పారింది.

"ఎవరూ, గుల్లగోడ మేస్త్రా! దివిసీమాయన. ఉన్నాడా ఇంకా?"

నిలబడ్డవాళ్ళలో ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరూ ఆయన్ను ఎప్పుడూ చూసి కూడా ఉండరు. పేరు పెట్టినవాణ్ణి నేను. ఆరేళ్ళుగా నేను దాన్ని మళ్ళీ అనలేదు. కొట్టు మాత్రం మరిచిపోలేదు.

"గుల్ల గోడ కాదండీ. గోడ బాగుంది. పోయింది నా చెవి అంటున్నాను."

అప్పటికే ఎవరికో ఇనప ఊచలు చూపించడానికి ఆయన బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. నా కుడి పక్కగా వెళ్తూ, భుజం మీద చెయ్యేసి ఏదో అన్నాడు. అందరూ నా జవాబు కోసం నా మొహం వైపు చూశారు. ఏమన్నాడో నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడగకుండా ఇంటికి వచ్చేశాను.